అప్‌డేట్: బీఎస్సీ కెమిస్ట్రీతో పాటు జర్మన్ మేజర్ తీసుకోవాలా?

డిగ్రీ తర్వాత జర్మనీలో ఎమ్మెస్సీ ఆలోచనతో, బీఎస్సీ కెమిస్ట్రీకి తోడు జర్మన్ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) కూడా చేయాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను, తేలింది: వద్దనుకున్నాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

హనుమకొండలో నేను చూసిన కాలేజీల్లో అసలు ఆ కాంబినేషనే లేదు. యూజీసీ 2022 నుంచి ఒకేసారి రెండు డిగ్రీలు చదవనిస్తోంది, రెండోది దూరవిద్యలో చేయమని ఒక అన్న చెప్పారు. మా ఇంటర్ కెమిస్ట్రీ సార్‌ని అడిగితే, "ల్యాబ్ రికార్డులు రాసుకుంటూ రెండు డిగ్రీల పరీక్షలు రాస్తావా?" అని నవ్వారు. జర్మనీలో ఇంగ్లిష్‌లో చెప్పే ఎమ్మెస్సీలు చాలానే ఉన్నాయట. వాటికి ముందు చూసేది కెమిస్ట్రీ సబ్జెక్టులు, మార్కులే. అక్కడ బతకడానికి జర్మన్ కావాలి, దానికి డిగ్రీ అక్కర్లేదు, ఏ1 (భాష నేర్చుకోవడంలో మొదటి మెట్టు) నుంచి లెవెల్ సర్టిఫికెట్లు చాలట.

దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ పోర్టల్) బీఎస్సీ సీటుకు సెల్ఫ్ రిపోర్టింగ్ (వచ్చిన సీటు ఖాయం చేసుకోవడం) అయిపోయింది, జర్మన్ ఏ1 ఆన్‌లైన్ క్లాసులో చేరాను. నాన్నకు మాత్రం రెండు డిగ్రీలైతే బాగుండేదట.