బ్రౌనింగ్ ‘మై లాస్ట్ డచెస్’: డ్యూక్‌కి అసలు ఎవరి మీద అసూయ?

చదువరి_పిల్ల:
ఎంఏ ఇంగ్లిష్ మొదటి ఏడాది చదువుతున్నాను. ఇంగ్లిష్ కవి రాబర్ట్ బ్రౌనింగ్ ‘మై లాస్ట్ డచెస్’, ‘పోర్ఫిరియాస్ లవర్’ కవితలు రెండూ సిలబస్‌లో ఉన్నాయి. మొదటిదాంట్లో ఒక డ్యూక్ (పెద్ద ప్రభువు), ఇప్పుడు లేని తన భార్య డచెస్ బొమ్మను ఒక రాయబారికి చూపిస్తూ ఆమె గురించి మాట్లాడతాడు; రెండోదాంట్లో ఒకడు తన ప్రియురాలు పోర్ఫిరియాను చంపిన సంగతి చెబుతాడు. గైడ్‌లో రెండింటినీ ఒకే గాటన కట్టేశారు: అనుమానపు మగవాళ్లు, అసూయతో చంపేశారు, అంతే. నాకు అక్కడే పేచీ. డచెస్‌కి ఇంకొకడితో సంబంధం ఉన్నట్టు కవితలో ఎక్కడుంది? ఇంకోటి, చెప్పడానికి సిగ్గుగానే ఉంది, డ్యూక్ మాటతీరు నాకు నచ్చింది. ఎంత మర్యాద! నలభై లైన్లు దాటాక గానీ భయం వేయలేదు. ఇలా అనిపించాలనే కవి రాశాడా?

పాత_లెక్చరర్:
అలా అనిపించాలనే రాశాడమ్మా. డిగ్రీ పిల్లలకు ఈ కవిత చాలా ఏళ్లు చెప్పాను, ప్రతి బ్యాచ్‌లోనూ సగం మంది డ్యూక్‌కి పడిపోయేవాళ్లు. ఆ గదిలో మాట్లాడేది ఆయనొక్కడే కదా. ఎదురుగా కూర్చున్న రాయబారి నోరు మెదపడు, మనమూ అంతే. పైగా 56 లైన్లకూ రెండేసి చొప్పున అంత్యప్రాస ఉంది, కానీ వాక్యం లైను చివర ఆగదు, కాబట్టి చెవికి మామూలు కబుర్లలాగే వినపడుతుంది.

ఇక అసూయ. అది ఏ మగాడి మీదా కాదు, ఆమె నవ్వు మీద. ఆయన చదివే నేరాల చిట్టా చూడు. పొద్దు గూకడం చూసి సంతోషపడిందట. తోటలో ఎవడో అత్యుత్సాహంతో చెర్రీ కొమ్మ విరిచి తెచ్చిస్తే మురిసిపోయిందట. తెల్ల కంచరగాడిద ఎక్కి తిరిగినా అదే సంబరమట. వీటన్నిటినీ తానిచ్చిన తొమ్మిది వందల ఏళ్ల వంశం పేరుతో సమానంగా చూసిందట! ఇదీ కేసు. సాక్ష్యమంతా ముద్దాయి మంచిదనే చెబుతోంది, చెప్పేవాడికే ఆ సంగతి తెలియదు. ఆ బొమ్మ గీసిన చిత్రకారుడు ఫ్రా పాండాల్ఫ్ మీద చిన్న అనుమానం విసురుతాడు గానీ, దానికి ఆధారం ఆమె బుగ్గ ఎర్రబడటమే.

పోనీ, ‘నాకిది నచ్చలేదు’ అని ఆమెతో ఒక్క మాట అనొచ్చుగా? అనడు. అలా అనడమంటే దిగజారడమట, తాను ఎన్నటికీ దిగజారడట. చంపించడం మాత్రం హోదాకు తగిన పనే కాబోలు.

ఇప్పుడు ఆ గోడమీది బొమ్మకు తెర ఉంది, దాన్ని ఆయన తప్ప ఎవరూ తీయకూడదు. ఆమె ఎవరిని చూసి నవ్వాలో బతికుండగా ఆయన చేతిలో లేదు, ఇప్పుడుంది. ఇదంతా వింటున్న ఆ రాయబారి, పిల్ల తండ్రి తరఫున డ్యూక్‌తో కొత్త సంబంధం మాట్లాడటానికి వచ్చిన మనిషి. మీ దొర ఉదారుడు, కట్నం విషయంలో నా మాట కాదనరు, అయినా నాకు కావలసింది అమ్మాయే లెండి, అంటాడు. ఈ ధోరణి మనం ఎరగనిదా! డ్యూక్ నోరు జారాడని కొందరంటారు, నేనొప్పుకోను. రాబోయే పిల్ల ఎలా మసలుకోవాలో ముందే కబురు పంపుతున్నాడు.

కవిత పేరు కింద ‘ఫెరారా’ అని ఇటలీలోని ఒక ఊరి పేరు ఉంటుంది. అక్కడి డ్యూక్ రెండో అల్ఫోన్సో 1558లో లుక్రేజియా డి మెడిచిని పెళ్లాడాడు. 1561లో, పదహారేళ్లకే ఆమె పోయింది. విషం పెట్టారని అప్పట్లో పుకారు, క్షయ అంటారు చరిత్రకారులు.

కిటికీ_పక్క_సీటు:
లెక్చరర్ గారు రెండో కవిత వదిలేశారు కాబట్టి నేను అందుకుంటాను. పోర్ఫిరియా ప్రియుడు డ్యూక్‌కి పూర్తిగా తిరగేసిన మనిషి అండి. హోదా లేదు, మాటా లేదు. ఆమే వానలో విందు వదిలేసి వస్తుంది, తలుపు మూస్తుంది, మంట రాజేస్తుంది, పక్కన కూర్చుని పిలుస్తుంది. ఇతను పలకడు. ఆమే అతని చెయ్యి తీసి తన నడుం చుట్టూ వేసుకుంటుంది, అతని చెంపను తన భుజానికి ఆనించుకుంటుంది. తనను ఆరాధిస్తోందని ఆ క్షణంలో తెలిసి, ఆమె జుట్టునే గొంతుకు మూడు చుట్లు చుట్టి చంపేస్తాడు. ఆ తర్వాత చూడండి: ఈసారి ఆమె తల అతని భుజం మీద. నాకైతే కవితంతా ఆ తారుమారులోనే ఉంది. నొప్పి తెలియలేదని రెండుసార్లు చెప్పుకుంటాడు, అదింకా భయంకరం. 1836లో పత్రికలో వచ్చిన ఈ కవితను 1842 సంపుటిలో ‘పిచ్చాసుపత్రి గదులు’ అనే అర్థం వచ్చే శీర్షిక కింద వేశారు. డ్యూక్‌ని మాత్రం ఏ ఆసుపత్రిలోనూ పెట్టలేం, ఆయన తెలివి నిక్షేపంగా ఉంది!

చదువరి_పిల్ల:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఒక్క డౌట్ మిగిలింది సార్. ‘ఆజ్ఞలిచ్చాను, నవ్వులన్నీ ఒక్కసారే ఆగిపోయాయి’ అంటే చంపించాడనేనా? గైడ్‌లో కాన్వెంట్‌లో (సన్యాసినుల మఠంలో) పెట్టించాడని కూడా ఉంది.

పాత_లెక్చరర్:
ఈ ప్రశ్న బ్రౌనింగ్‌నే అడిగారమ్మా. చంపమనే ఆజ్ఞ అన్నాడు, మళ్లీ కాన్వెంట్‌లో పెట్టించి ఉండొచ్చనీ అన్నాడు. పరీక్షలో రెండూ రాయి, మార్కులు పోవు. నా ఓటు మాత్రం చంపించాడనే. నవ్వులు ఆగాయన్న వెంటనే బొమ్మను చూపించి, అదిగో, బతికున్నట్టే నిలబడింది, అంటాడు కదా.