గుమ్మం దగ్గర బల్ల, అద్దం: ఇరుకు నడవలో ఏది కుదురుతుంది?

సన్ననడవ
మా ఇంటి తలుపు తీయగానే 120 సెంటీమీటర్ల వెడల్పున్న నడవ. కుడివైపు గోడ ఖాళీగా ఉంది. అక్కడ ఒక బల్ల, దాని పైన అద్దం పెట్టాలని ఉంది. తాళాలు, ఉత్తరాలు పెట్టుకోవడానికి చోటు కావాలి. బయటికి వెళ్లేముందు చెప్పుల దాకా ఒకసారి చూసుకోగలగాలి. నచ్చిన బల్ల 40 సెం.మీ. లోతు ఉంది. చూసిన ఫొటోలన్నింటిలో గుమ్మం పక్కనే హాలంత చోటు కనిపిస్తోంది, వాటితో లాభం లేదు. ఇరుకు చోట పెట్టుకున్నవారు ఎవరైనా చెప్పండి.

చెక్కపొట్టు
40 వద్దండి. మీకు నడవడానికి మిగిలేది 80. ఖాళీ చేతులతో నడిచేటప్పుడు ఇబ్బంది ఉండదు. రెండు చేతుల్లో సంచులున్నప్పుడో, మంచమో ఫ్రిజ్జో లోపలికి తెచ్చేటప్పుడో దాని సంగతి తెలుస్తుంది. 90 మిగలాలి, అంటే బల్ల లోతు 30 దాటకూడదు. 25 అయినా తాళాలకు, ఫోనుకు, ఉత్తరాలకు సరిపోతుంది. ఎత్తు 75 నుంచి 85 మధ్య ఏదైనా ఫరవాలేదు, నిలబడి వాడేది కాబట్టి నేనైతే 80 పైనే తీసుకుంటాను.

ఇంకొకటి, గోడ అడుగున స్కర్టింగ్ (నేలకు ఆనుకుని గోడ వెంట ఉండే పట్టీ) ఉందా? ఉంటే బల్ల కాళ్లు దానికి ఆనుకుని ఆగిపోతాయి, పైపలక గోడకు అంటదు. ఆ సందులోకి జారిన ఉత్తరం మళ్లీ బల్ల జరిపితే తప్ప దొరకదు. వెనక కాళ్లు కొంచెం లోపలికి ఉన్న బల్ల చూసుకోండి.

మూలగది
కొనేముందు నేలమీద మాస్కింగ్ టేపుతో బల్ల కొలత గీసి కొన్నాళ్లు అలాగే వదిలేయండి. వీలైతే ఆ చోట అట్టపెట్టెలు పేర్చండి. టేపును కాలు దాటేస్తుంది, పెట్టెకు తగులుతుంది. తలుపు ఎటు తెరుచుకుంటుందో మీరు చెప్పలేదు. రెక్క పూర్తిగా తెరుచుకున్నప్పుడు దాని పిడి ఎక్కడికి వస్తుందో కూడా గీయండి. మా ఇంట్లో పిడి సరిగ్గా అద్దం అంచు దాకా వచ్చేది, అందుకని తలుపుకు నేలమీద ఒక అడ్డు బిగించాం.

అరఅద్దం
అద్దం గురించి అందరూ అనుకునేది ఒకటి, నిజం ఒకటి. మనిషి మొత్తం కనిపించాలంటే మనిషంత అద్దం అక్కర్లేదు, ఎత్తులో సగం చాలు. 170 సెం.మీ. మనిషికి కళ్లు సుమారు 158 ఎత్తులో ఉంటాయనుకుందాం. అద్దం పై అంచు 164 దగ్గర, కింది అంచు 79 దగ్గర ఉంటే తల నుంచి పాదాల దాకా కనిపిస్తుంది. అంటే 85 సెం.మీ. అద్దం. దూరం జరిగితే ఎక్కువ కనిపిస్తుందన్నది భ్రమే, సమతల అద్దంలో దూరంతో ఏమీ మారదు. కాబట్టి 80 ఎత్తు బల్ల మీద ఆనించి పెట్టినా మీ పని అయిపోతుంది.

చెక్కపొట్టు
లెక్క బాగుంది, కానీ మీ లెక్కలో బల్ల లేదు! పాదాల నుంచి అద్దం కింది అంచుకు వచ్చే వెలుతురు బల్ల పలకను దాటి రావాలి కదా.

అరఅద్దం
నిజమే. మళ్లీ లెక్క వేశాను. బల్ల ఎత్తు 80, లోతు 30, మనిషి అద్దానికి మీటరు దూరంలో ఉంటే నేల నుంచి దాదాపు 38 సెం.మీ. దాకా బల్లే అడ్డం వస్తుంది. మోకాలి కొంచెం కింద నుంచి పైకి మాత్రమే కనిపిస్తుంది. 60 సెం.మీ. దగ్గరికి వస్తే ఆ అడ్డం 54కు పెరుగుతుంది, మోకాళ్లు కూడా పోతాయి. అంటే బల్ల ఉన్నచోట దూరానికి లెక్క ఉంది.

దీనిలో పనికొచ్చే సంగతి ఒకటి దొరికింది. మీటరు దూరంలో నిలబడేవారికి అద్దం కింది అంచు 97 దగ్గర మొదలైనా కనిపించేది ఏమాత్రం తగ్గదు. అందుకని బల్లకూ అద్దానికీ మధ్య 15 సెం.మీ. ఖాళీ నిశ్చింతగా వదలండి. ఆ ముక్కకు డబ్బు పెట్టడం దండగ. పై అంచు మాత్రం ఇంట్లో అందరికంటే పొడుగు మనిషిని బట్టి చూసుకోండి.

సన్ననడవ
అయితే బల్ల పైన అద్దం పెడితే చెప్పులు కనిపించవన్నమాట. ఎంత మంచి ఫ్రేము కొన్నా!

మూలగది
కనిపించవు. బల్ల పొడవు 80-90కి తగ్గించి, అదే గోడ మీద పక్కన నిలువుగా ఒక సన్నని అద్దం పెట్టుకోండి. 40 వెడల్పు చాలు. బల్ల పైన ఏదో ఉండాలనిపిస్తే బొమ్మో గడియారమో తగిలించండి.

వెలుతురుమనిషి
కొలతల కంటే ముందు దీపం సంగతి చూడండి. నడవలో నడినెత్తిన ఒక్క బల్బు ఉంటే కళ్ల కింద నీడలు పడి, రోజూ జబ్బుచేసి లేచినట్టు కనిపిస్తారు. దీపం పడాల్సింది ముఖం మీద, అద్దం మీద కాదు. అద్దానికి రెండు పక్కలా ముఖం ఎత్తులో ఉంటే అంతకంటే మంచిది లేదు. ఒక్కటే కుదిరితే బల్ల మీద దీపం పెట్టండి. 2700 నుంచి 3000 కెల్విన్ల పసుపు వెలుగు నప్పుతుంది.

పక్కగోడ అద్దానికి ఇంకో గుణం ఉంది. గుమ్మంలో నిలబడ్డవారికి అందులో ఎదుటి గోడ లోపలి భాగం కనిపిస్తుంది. అక్కడ పడకగది తలుపు ఉంటే పార్సిలు తెచ్చినవారికీ మీ మంచం దర్శనమిస్తుంది. బిగించేముందు ఒకరు అద్దం పట్టుకుని నిలబడండి, ఇంకొకరు గుమ్మంలోంచి చూడండి.

గోడమేకు
బరువు ఎవరూ చెప్పలేదు. గాజు చదరపు మీటరుకు, ప్రతి మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు. 60×90 అద్దం 5 మి.మీ. అయితే ఫ్రేము కాకుండానే దాదాపు 7 కిలోలు. జిగురు టేపును నమ్మకండి. గోడ గట్టి ఇటుకా, గుల్ల ఇటుకా, పలకా అన్నది చూసి దానికి తగిన ప్లగ్గులు (స్క్రూ పట్టు కోసం గోడ రంధ్రంలో దూర్చే చిన్న గొట్టాలు) వేసి, రెండు చోట్ల స్క్రూలు బిగించండి. స్విచ్‌బోర్డు పక్కన రంధ్రం చేసేముందు తీగలు ఎటు పోయాయో చూసుకోండి. పిల్లలున్న ఇల్లయితే సన్నని బల్లను కూడా గోడకు బ్రాకెట్‌తో కట్టేయాలి. సొరుగు లాగి పట్టుకుని వేలాడితే 25 సెం.మీ. బల్ల ముందుకు పడిపోతుంది.

పాతఫ్రేము
అద్దం మీద నేరుగా స్ప్రే కొట్టకండి. ద్రవం కారి కింది అంచు నుంచి వెనక్కి చేరి వెండి పూతను తినేస్తుంది, ఆ నల్లమచ్చ ఇక పోదు. గుడ్డ తడిపి తుడవండి. కొనేటప్పుడు కొంచెం దూరంగా నిలబడి తల అటూ ఇటూ కదిపి, అందులో కనిపించే తలుపు అంచును చూడండి. అంచు అలలాగా ఊగితే ఆ గాజు వద్దు.

ఖాళీగోడ
నన్నడిగితే బల్లే వద్దు. గుమ్మం దగ్గర ఎంత పలక ఉంటే అంత చెత్త చేరుతుంది. 20 సెం.మీ. గోడ పలక, కింద నాలుగు కొక్కేలు, అంతే. నేల ఊడవడమూ సుఖం.

చెక్కపొట్టు
తడి గొడుగు కొక్కేనికి తగిలిస్తే నీళ్లు ఎక్కడికి పోతాయండి? పార్టికల్ బోర్డు (చెక్కపొడిని జిగురుతో అదిమి చేసిన పలక) బల్ల కాళ్లయినా, గోడ రంగయినా ఆ తడికి ఉబ్బాల్సిందే. కింద ఒక పళ్లెం ఉంచండి.

సన్ననడవ
అందరికీ కృతజ్ఞతలు. తలుపు ఎడమకు తెరుచుకుంటుంది కాబట్టి పిడి గొడవ లేదు. నిలువు అద్దం 40×120, పక్కన 25 లోతు, 80 పొడవున్న ఒక సొరుగు బల్ల అనుకుంటున్నాం. పడకగది తలుపు మాత్రం సరిగ్గా ఎదుటి గోడలోనే ఉంది. అద్దాన్ని గుమ్మం వైపుకు జరిపి, బల్లను లోపలికి పెడితే సరిపోతుందా, వెలుతురుమనిషి గారూ?

వెలుతురుమనిషి
చాలావరకు సరిపోతుంది. అద్దం గుమ్మానికి దగ్గరయ్యే కొద్దీ, గుమ్మంలో ఉన్నవారికి ఎదుటి గోడలో కనిపించే భాగం కూడా గుమ్మం వైపుకే జరుగుతుంది. మేకు కొట్టేముందు అట్టముక్కకు బదులు నిజం అద్దంతోనే చూడండి.