చిన్న లేత్‌కి ఎలక్ట్రానిక్ లీడ్‌స్క్రూ పెట్టించాలా, గేర్లే చాలా?

షెడ్డు_శీను: అన్నలూ, నా దగ్గర పాత నాలుగున్నర అడుగుల లేత్ ఉంది, టూల్‌ని నడిపే పొడుగాటి లీడ్‌స్క్రూకి ఇంచికి 8 థ్రెడ్లు. పొద్దున 1.5 మిల్లీమీటర్ పిచ్ (థ్రెడ్‌కీ థ్రెడ్‌కీ మధ్య దూరం) పని వస్తే సాయంత్రం ఇంచి థ్రెడ్ వస్తది, ప్రతిసారీ గేర్లు విప్పి బిగించేసరికి నడుం పోతోంది. మిల్లీమీటర్ థ్రెడ్‌కని 127 పళ్ళ గేరు ఎక్కిస్తే కవర్ మూతపడదు. చక్‌ని తిప్పే స్పిండిల్‌కి అదెంత తిరిగిందో లెక్కపెట్టే ఎన్‌కోడర్, దాన్నిబట్టి లీడ్‌స్క్రూని తిప్పడానికి స్టెప్పర్ మోటర్ పెట్టేద్దామనుకుంటున్నా. టూల్‌ని లీడ్‌స్క్రూకి పట్టించే హాఫ్ నట్ కూడా ఇష్టమొచ్చినట్టు ఎత్తొచ్చంట కదా?

బాలానగర్_బాబాయ్: వద్దు. థ్రెడ్ మధ్యలో కరెంటు పోతే ఏం చేస్తావ్? బోర్డు చచ్చిపోద్ది, చక్ మాత్రం తిరుగుతూనే ఉంటది, టూల్ ఉన్నచోటే నిలబడి జాబ్‌కి గాడి కొట్టేస్తది. గేర్లయితే రెండూ కలిసే ఆగుతాయి.

మైక్రో_మహి: బాబాయ్ గారూ, స్పీడు తగ్గించే బ్యాక్ గేర్‌లో 60 ఆర్పీఎం మీద కోసేటప్పుడు చక్ ఎంత తిరుగుద్దండీ, మహా అయితే ఒక చుట్టు. శీనూ, లెక్క చూడు. 600 పల్సుల ఎన్‌కోడర్ అంటే పల్సుకి 4 చొప్పున చుట్టుకి 2400 లెక్కలు. మోటర్ నేరుగా లీడ్‌స్క్రూకి బిగించి, ఒక్కో స్టెప్పుని 8 మైక్రోస్టెప్పులు చేస్తే చుట్టుకి 200 × 8 = 1600 స్టెప్పులు. 1.5 పిచ్‌కి స్పిండిల్ ఒక చుట్టు తిరిగితే లీడ్‌స్క్రూ 60/127 చుట్టు తిరగాలి, అంటే 755.9 స్టెప్పులు. ఆ చిల్లరని ప్రోగ్రామ్ పారెయ్యదు, తర్వాతి చుట్టులో కలుపుకుంటది, అందుకే ఎంత పొడుగు కోసినా తేడా పేరుకోదు. హాఫ్ నట్ మాత్రం మెట్రిక్ థ్రెడ్ పూర్తయ్యేదాకా ఎత్తొద్దు, నీది ఇంచి స్క్రూ కాబట్టి గేర్లకైనా దీనికైనా అంతే, టూల్ వెనక్కి లాగి రివర్స్‌లో రావాల్సిందే.

కాకినాడ_కుర్రాడు: ఫాలోయింగ్

బాలానగర్_బాబాయ్: 5 ఇంచులు 127 మిల్లీమీటర్లని నువ్వు పుట్టకముందే తెలుసు నాకు. ఒక్క చుట్టు చాలు పీసు పోడానికి. నేనడిగింది కరెంటు సంగతి.

ఆటోనగర్_వాసు: నాకు ఒకాయన 38 వేలు తీసుకుని పెట్టిచ్చాడు, వారం తిరక్కుండా 40 పీసులు స్క్రాప్. థ్రెడ్ మీద థ్రెడ్ పడతది. ఇప్పుడు ఫోనెత్తడు. అంతా మోసం.

మైక్రో_మహి: వాసు అన్నా, ఎన్‌కోడర్ వైరు ఎలా లాగాడు? మెయిన్ మోటర్ స్పీడు మార్చే వీఎఫ్‌డీ నుంచి ఆ మోటర్‌కి పోయే వైరు పక్కనే ఉంటే నాయిస్‌కి లెక్కలు తప్పుతాయి.

ఆటోనగర్_వాసు: ఇప్పుడే చూసొచ్చా. రెండూ ఒకే పైపులో దూర్చాడు వెధవ.

మైక్రో_మహి: షీల్డ్ వైరు వేసి వేరే దారిలో లాగండి. బాబాయ్ గారూ, కరెంటు పోయినప్పటికి బోర్డుకీ, స్టెప్పర్‌ని నడిపే డ్రైవర్ సర్క్యూట్‌కీ కలిపి చిన్న బ్యాటరీ పెడితే చక్ ఆగేదాకా స్టెప్పర్ దాని వెంటే నడుస్తది. అసలు మీకు కొత్తది నేర్చుకోవడం ఇష్టంలేక ఇదంతా.

బాలానగర్_బాబాయ్: ఎవడికిరా ఇష్టంలేంది? పోయిన సంక్రాంతికి మా ఓనర్ మూడు లేత్‌లకి పెట్టించాడు, బ్రాకెట్లు నేనే తయారుచేసిచ్చా, రెండోనెల్లో నా మెషిన్ మీద 9 వేల జీతానికి కుర్రోణ్ణి నిలబెట్టాడు. వాడికి టూల్ గ్రైండింగ్ రాదు, బటన్ నొక్కడం వచ్చు. ఈ వయసులో నేను గేటు బయట నిలబడి పని అడుక్కుంటున్నా. నువ్వు ఇంట్లో సరదాకి చేసుకుంటావ్, నీకేం తెలుసు.

మైక్రో_మహి: సారీ బాబాయ్. అలా అనుండకూడదు. కానీ ఆ పని మీ ఓనర్ చేసింది, మెషిన్ కాదు కదా.

బాలానగర్_బాబాయ్: ఆ మెషిన్ లేకపోతే వాడికంత ధైర్యం వచ్చేదా?

షెడ్డు_శీను: బాబాయ్, నా షెడ్డులో నేనొక్కణ్ణే. తీసెయ్యడానికి ఎవరూ లేరు.

బాలానగర్_బాబాయ్: ఆ ముక్క ముందే చెప్పొద్దూ. సరే పెట్టుకో, గేర్లు మాత్రం పాతసామానోడికి వెయ్యకు. ఎన్‌కోడర్ ఎక్కడ బిగిస్తావో ఫోటో పెట్టు చూస్తా. మహీ, ఆ బ్యాటరీ డౌన్ అయ్యుంటే?