నెమ్మదిగా భయపెట్టే చిత్రాలకు ముగింపు ఎలా ఉండాలి?

ప్రశ్న (తిరుపతి): నిన్న సెకండ్ షోలో చూసిన ఒక హారర్ చిత్రం, విశ్రాంతి దాటేదాకా ఊపిరి బిగబట్టించి, ఆఖరున దయ్యం గతమంతా ఒక పూజారి నోట చెప్పించి చేతులు దులుపుకుంది. అన్నిటికీ సమాధానం చెబితేనే ముగింపు తృప్తినిస్తుందా?

జవాబు (చిత్తూరు): కాదండీ. 1999లో వచ్చిన అమెరికన్ హారర్ చిత్రం ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’లో, ఒక మంత్రగత్తె కథను చిత్రీకరించడానికి ముగ్గురు యువతీయువకులు అడవికి వెళతారు. ఆ మంత్రగత్తె అసలు కనిపించదు, చివర వాళ్లలో ఒక యువకుడు నేలమాళిగలో గోడ మూలకు తిరిగి నిలబడి ఉంటాడు, అంతే. ఒకప్పుడు అక్కడ పిల్లలను చంపిన ఒక హంతకుడు ఒకరిని చంపేటప్పుడు మరొకరిని మూలకు తిప్పి నిలబెట్టేవాడని ఊరివారు మొదట్లోనే చెప్పి ఉండటం వల్ల, ఆ ఒక్క దృశ్యానికే ఒళ్లు జలదరిస్తుంది.

జవాబు (పలమనేరు): ఆ మాట చెవిన పడనివారికి మాత్రం అది అర్థంకాని ముగింపే. (మన హాళ్లలో మొదటి పావుగంట సీట్లు వెతుక్కోవడానికే సరిపోతుంది.) దయ్యం గుట్టు తేలకపోయినా నాకు పరవాలేదు గానీ, ప్రధాన పాత్ర ఏమైందో తేల్చకపోతే ఒప్పుకోలేను.