మార్వాడ్ నేపథ్య నాటకానికి వేషభూషలు: ఓఢ్నీ రంగు, తలపాగా, భుజం దాకా గాజులు

ప్రశ్న

సుమారు 1900 నాటి మార్వాడ్‌లో, జోధ్‌పుర్‌కు సమీపాన నివసించే ఒక రాజపుత్ర కుటుంబం కథను మేము నాటకంగా సిద్ధం చేస్తున్నాము. దుస్తులు, నగల బాధ్యత నాది. అద్దెకు దొరికేవన్నీ అద్దాలు కుట్టిన లంగా, జాకెట్టు, ఓణీ అనే ఒకే మూసలో ఉన్నాయి. కథలో మూడు ముఖ్య ఘట్టాలున్నాయి: శ్రావణ మాసంలో ఊయల, బిడ్డ పుట్టాక చేసే బావి పూజ, ఇంటి పెద్ద మరణం. వీటికి దుస్తులు ఎలా మారాలి? నాయికకు భుజం దాకా గాజులు వేయవచ్చునా? పురుషుల తలపాగాను పగ్డీ అనాలా, సాఫా అనాలా?

సమాధానం 1

ఆ అద్దాల లంగాను ముందుగా పక్కన పెట్టండి. రాజపుత్ర స్త్రీల పోశాక్‌లో నాలుగు వస్త్రాలుంటాయి: ఘాఘ్రా అనే లంగా, వీపున నాడాలతో ముడివేసే కాంచ్లీ అనే రవిక, దానిపై వదులుగా నడుము దిగువ వరకు వచ్చే కుర్తీ, తలను కప్పే ఓఢ్నీ. కుర్తీకి చేతులుండవు కనుక బయటికి కనిపించే చేతులు కాంచ్లీవే. అంచులకు అద్దాల కన్నా గోటా, అంటే జరీ పట్టీ, నప్పుతుంది.

మీ మూడు ఘట్టాల తేడాను ప్రేక్షకులకు తెలియజేయవలసినది ఓఢ్నీయే. ఊయల ఘట్టానికి లహరియా వాడండి. పలుచని వస్త్రాన్ని ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఏటవాలుగా చుట్టి, తాడులా అయిన ఆ చుట్టను దారంతో అక్కడక్కడ బిగించి రంగులో ముంచుతారు. కట్టు పడిన చోట రంగు ఎక్కదు కనుక, విప్పినప్పుడు ఏటవాలు చారలు అలల్లా కనిపిస్తాయి. ఆ వస్త్రాన్నే తిరిగి అడ్డదిశలో చుట్టి అద్దితే చారలు ఒకదానినొకటి కోసుకొని గళ్ళు ఏర్పడతాయి, దానిని మోఠ్‌డా అంటారు. శ్రావణంలో ఊయలలూగే తీజ్ పండుగకూ వానలకూ లహరియాతో ఉన్న సంబంధం ఎంత గాఢమైనదంటే, ఆ ఓఢ్నీ వేస్తే వేదికపై మేఘాన్ని చూపనవసరం లేదు.

బావి పూజకు పీలియా తప్పనిసరి. పసుపు నేల, ఎర్రని అంచు, నడుమ బంధనీతో, అంటే గుడ్డను చుక్కలు చుక్కలుగా ముడివేసి రంగు అద్దే పనితో, వేసిన ఎర్రని గుండ్రని చిత్రం గల ఈ ఓఢ్నీని బిడ్డ పుట్టినప్పుడు, సంప్రదాయంగా మగబిడ్డ పుట్టినప్పుడు, తల్లికి పుట్టింటివారు పెడతారు. దానిని చూడగానే ఆమె బాలింత అని ఊరంతటికీ తెలుస్తుంది.

సమాధానం 2

పై సమాధానంలో ఒక్క మాటతో నేను ఏకీభవించలేను. అద్దాల పని బూటకం కాదు; బాడ్మేర్, జైసల్మేర్ ప్రాంతాలలోని పలు సముదాయాల స్త్రీల చేతిలో అది నిజంగా పుట్టినదే. దానిని రాజపుత్ర గృహిణికి తొడగడంలోనే పొరపాటు ఉంది.

ఇక నగలు. నుదుటిపై, పాపట మొదట్లో నిలిచే గుండ్రని బోర్లాను మన పాపిటబిళ్ళలా పలుచగా చేయించకండి. అది రేగుపండులా ఉబ్బెత్తుగా ఉండాలి. మెడకు తిమణియా గానీ ఆడ్ గానీ, రెండూ మెడ నగలే, వేయవచ్చు. భుజం దాకా గాజులు సరైనవే. వాటిని చూడా అంటారు. మోచేతికి పైన ఒక వరుస, దిగువ మరొక వరుస ఉంటాయి, చేయి సన్నబడుతున్న కొద్దీ గాజు చుట్టుకొలతా తగ్గుతుంది కనుక ఒకే కొలత గాజులు కొంటే పైవి బిగుసుకుపోతాయి, కిందివి జారిపోతాయి. ఆ రోజులలో స్తోమత గలవారివి ఏనుగు దంతపు గాజులు. మన దేశంలో 1986లో ఆసియా ఏనుగు దంతం వ్యాపారాన్నీ, 1991లో ఆఫ్రికా దంతం వ్యాపారాన్నీ నిషేధించారు. ఇప్పుడు రాజస్థాన్‌లోనూ ఎక్కువగా ప్లాస్టిక్ చూడాలే వేసుకుంటున్నారు కనుక మీరు సంకోచించవలసిన పని లేదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మాకు కుందన్ హారం ఒకటి దొరికింది. ఇంట్లో పనిచేసే స్త్రీ పాత్రకు కూడా అటువంటిదే వేస్తే వేదిక నిండుగా ఉంటుందని దర్శకులు అంటున్నారు. తలపాగా సంగతి కూడా మిగిలిపోయింది.

సమాధానం 3

దర్శకులను ఒప్పించి ఆ ఆలోచన మాన్పించండి. కుందన్ పనిలో రాళ్ళను లక్కపై కూర్చి, మేలిమి బంగారు రేకును వాటి చుట్టూ అతుకు లేకుండా ఒత్తుతారు. వెనుక వైపు, ఎవరికీ కనిపించని చోట, మీనా, అంటే ఎనామెల్, రంగులు అద్దుతారు. జైపుర్ సమీపంలోని ఆమేర్ రాజు మొదటి మాన్‌సింగ్ లాహోరు నుంచి మీనా పనివారిని రప్పించారని చెబుతారు. అటువంటి నగ కలవారి ఇంటి యజమానురాలిదే అవుతుంది. పనిమనిషికి వెండి హాంస్లీ, అంటే మెడకు కంటెలా బిగువుగా ఉండే కడ్డీ, కాళ్ళకు వెండి కడియాలు చాలు; వెండి బరువుకు ఆమె నడక కూడా మారుతుంది, నటికి అది ఉపయోగపడుతుంది.

తలపాగా విషయానికి వస్తే, పగ్డీ జానెడు వెడల్పుతో సుమారు 20 మీటర్ల పొడవుండే సన్నని వస్త్రం. సాఫా వెడల్పైనది, సుమారు 9 మీటర్లు, దాని కొంగు వీపుపై వేలాడుతుంది. జోధ్‌పుర్ పేరు సాఫాతోనే ముడిపడి ఉంది కనుక మీరు అదే కట్టించండి. ఊయల ఘట్టంలో పురుషులకూ లహరియా సాఫా సరిపోతుంది. మరణ ఘట్టంలో తెలుపు గానీ లేత ఖాకీ గానీ వాడి, స్త్రీల ఒంటిపై నగలు బాగా తగ్గించండి. సాఫాను ముందే చుట్టి టోపీలా పెట్టించకుండా, ఇంటి పెద్ద కుమారుడు రంగు సాఫా విప్పి తెల్లనిది కట్టుకోవడాన్ని వేదికపైనే చూపగలరేమో ఆలోచించండి. 9 మీటర్ల గుడ్డ కట్టడానికి సాధన కావాలి కనుక నటుడికి నేటి నుంచే అలవాటు చేయించండి.