రాయగడ కుర్రాడు, 14 ఏళ్లు, 183 సెం.మీ.: బాస్కెట్‌బాల్‌నే నమ్ముకోవచ్చా?

నాగావళి ఒడ్డు
అందరికీ నమస్కారం. మేనల్లుడు రాయగడలో తొమ్మిదో తరగతి. ఎత్తు 183 సెం.మీ. బావగారు 178, అక్క 163. పొడుగున్నాడని స్కూల్ జట్టులో రింగు కిందే నిలబెట్టి ఆడిస్తున్నారు. వాడేమో ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) జట్టు ఎంచుకున్న సత్నాం సింగ్‌లా అమెరికా వెళ్తానంటాడు, బావగారేమో చదువు పాడవుతుందంటారు. ఈ ఆట మీద మన దేశంలో బతకొచ్చా? ఇప్పటినుంచి ఏం చెయ్యాలి? ఒడిశా తరఫున ఆడాలా, విజయనగరంలో చేర్పించి ఆంధ్ర తరఫున ఆడించాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

బేస్‌లైన్ బాబాయ్
ముందు ఎత్తు సంగతి తేల్చుకుందాం. మగపిల్లలకి ఓ మోటు లెక్కుంది: అమ్మానాన్నల ఎత్తులు కలిపి, 13 చేర్చి, సగం చెయ్యండి. మీ లెక్కలో 178, 163, 13 కలిపి 354, సగం 177. దానికి అటూ ఇటూ ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్ల తేడా ఉంటుంది. అంటే పైహద్దు 186 అనుకోండి. 14కే 183 ఉన్నాడంటే తోటివాళ్లకంటే ముందే పెరిగేసి ఉండొచ్చు. ఇంకో అడుగు పెరుగుతాడని కలలు కనకండి. గోడ మీద గీత పెట్టి మూడు నెలలకోసారి కొలవండి. పొద్దున్నే, చెప్పుల్లేకుండా. సాయంత్రానికి మనిషి ఓ సెంటీమీటరు తగ్గుతాడు. ఆర్నెల్లలో నాలుగు సెంటీమీటర్లు దాటితే ఇంకా ఊపు మీదున్నట్టు, ఒకటీ రెండూ దగ్గర ఆగితే అయిపోవచ్చినట్టు.

ఇదెందుకు చెబుతున్నానంటే, రాయగడలో 183 అంటే తాడిచెట్టే గానీ, జాతీయ స్థాయిలో సెంటర్‌గా, అంటే రింగు కింద ఆడేవాళ్లు రెండు మీటర్ల దగ్గర ఉంటారు. అక్కడ మీవాడు గార్డ్ సైజు, అంటే బయట ఉండి బంతి నడిపేవాడి సైజు. రింగుకి వీపు పెట్టి నిలబడి, పడ్డ బంతి అందుకుని వెయ్యడం ఒక్కటే నేర్చుకుంటే 17 ఏళ్లకి రాష్ట్ర సెలెక్షన్‌లో ఇరుక్కుంటాడు. లోపల ఆడ్డానికి ఎత్తు చాలదు, బయట ఆడ్డానికి చేతిలో బంతి నిలవదు. చిన్న ఊళ్లలో పొడుగు పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే.

మ్యాచ్‌లో ఎక్కడ నిలబెట్టినా సరే, ప్రాక్టీసులో గార్డ్ పని చేయించమని పీఈటీ మాస్టారిని అడగండి. రోజూ 15 నిమిషాలు ఎడమచేత్తోనే డ్రిబ్లింగ్, తల పైకెత్తి, బంతి చూడకుండా. తర్వాత రింగుకి రెండు మీటర్ల దూరం నుంచి ఒంటిచేత్తో 50 షాట్లు. వేసినవి కాదు, పడినవి లెక్కపెట్టాలి. అవి వరసగా పడుతుంటేనే వెనక్కి జరగాలి. 14 ఏళ్లకే 6.75 మీటర్ల గీత (మూడు పాయింట్ల గీత) దగ్గర్నుంచి విసిరితే బంతి భుజం మీదనుంచి, నడుం తిప్పి వస్తుంది. ఆ తప్పు ఓసారి చేతికి పట్టిందంటే వదిలించడానికి రెండేళ్లు. చివర్లో, ఆయాసం ఉన్నప్పుడే, ఫ్రీత్రోలు (ఫౌల్ అయితే అడ్డం లేకుండా వేసే షాట్లు) రెండేసి చొప్పున 20. డిఫెన్స్‌లో తనకంటే పొట్టి, చురుకైన కుర్రాణ్ణి కాయమనండి. కాళ్లు అప్పుడే కదులుతాయి.

విశేష్ భృగువంశి వారణాసి నుంచి వచ్చి ఓఎన్‌జీసీకి ఆడి, భారత జట్టు కెప్టెనై, 2020లో అర్జున అవార్డు అందుకున్నాడు. ఆయనదీ బయటి ఆటే. మీవాడు చూడాల్సింది ఆయన వీడియోలు. సత్నాం ఎత్తు 218 సెం.మీ., ఆ దారి వేరు.

కోటా కాగితాలు
బతకొచ్చా అన్నదానికి సూటి జవాబు: బతకొచ్చు, ఎక్కువమందికి అది ఉద్యోగం రూపంలో వస్తుంది. ఐఎన్‌బీఎల్ అనే దేశీయ లీగ్ 2022లో మొదలైంది, ఆరు నగరాల జట్లతో 5x5 (ఐదుగురేసి ఆడే) సీజనూ జరిగింది. అయినా ఏడాది పొడవునా ఇల్లు గడిపే జీతం ఆటగాడికి ఇచ్చేది ఇప్పటికీ రైల్వే, సర్వీసెస్ (సైనిక దళాలు), ఓఎన్‌జీసీ, బ్యాంకులు, ఆదాయపు పన్ను లాంటి శాఖలే. కేరళ అమ్మాయి గీతూ అన్నా జోస్ దక్షిణ రైల్వేలో ఉంటూనే ఆస్ట్రేలియా క్లబ్బుకి ఆడింది, 2011లో డబ్ల్యూఎన్‌బీఏ (అమెరికా మహిళల లీగ్) జట్ల ట్రయల్స్‌కీ వెళ్లింది.

రైల్వే స్పోర్ట్స్ కోటాకి వయసు 18 నుంచి 25. జీతం లెవెల్ 2, 3 పోస్టులకి ఇంటర్ పాసవ్వాలి. మూలవేతనం 19,900, 21,700 రూపాయలు. లెవెల్ 4, 5కి డిగ్రీ కావాలి, అవి 25,500, 29,200. ఎంపిక 100 మార్కులకి: ట్రయల్స్‌కి 40, ఆటలో సాధించినదానికి 50, చదువుకి 10. సగానికి పైగా మార్కులు మీవాడు గ్రౌండులో అడుగుపెట్టకముందే కాగితం మీద తేలిపోతాయి. అందుకే బావగారితో చెప్పండి, చదువు ఆగితే ఆటా ఆగుతుంది.

ఇక కాగితాలు. బోర్డర్‌లో ఉన్న మనకి అసలు తలనొప్పి ఇదే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అక్కడి స్కూల్ రిజిస్టర్లో చివర రాస్తారు, లేదా ‘రావు’నే ఇంటిపేరు చేసేస్తారు. పుట్టిన సర్టిఫికెట్ ఒడియాలో ఒకలా, ఆధార్ ఇంగ్లిష్‌లో ఇంకోలా. జాతీయ స్కూల్ పోటీల ఎంట్రీ దగ్గర ఈ తేడాతోనే పిల్లల్ని పక్కన పెట్టేస్తారు. పదో తరగతి బోర్డు ఫారం నింపేలోపు అన్నింట్లో ఒకే పేరు, ఒకే తేదీ ఉండేలా సరిచేయించండి. పదో తరగతి సర్టిఫికెట్ వచ్చాక దిద్దించడం నరకం. స్కూల్లో వేసేటప్పుడు వయసు ఓ ఏడాది తగ్గించి ఉంటే అదీ ఇప్పుడే చూసుకోండి. మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తారు, ముందే పెరిగిన పిల్లల మీద అనుమానం ఇంకా ఎక్కువ.

స్కూల్ గేమ్స్‌లో అండర్ 14, 17, 19 విభాగాలు. రాష్ట్ర బాస్కెట్‌బాల్ సంఘం జట్లు వేరు, రెండింటికీ సెలెక్షన్లు వేరువేరుగా జరుగుతాయి. ఏ రాష్ట్రం స్కూల్లో చదివితే స్కూల్ గేమ్స్ ఆ రాష్ట్రానికే. ఒడిశా సంఘంలో ఆడి తర్వాత ఆంధ్రకి మారాలంటే పాత సంఘం నిరభ్యంతర పత్రం ఇవ్వాలి, దానికి తిరగడంలో ఓ సీజన్ ఎగిరిపోతుంది. నా మాట: ఇంటర్ దాకా ఒక్కచోటే ఉంచండి. మారిస్తే హాస్టల్ కోసం, రోజూ వచ్చే కోచ్ కోసం మార్చండి, ‘మన రాష్ట్రం’ అని మాత్రం వద్దు. దక్షిణం వైపే చూడక్కర్లేదు కూడా. రాయగడ నుంచి రాయ్‌పూర్ లైనులో వెళ్తే భిలాయ్, రాజ్‌నంద్‌గావ్ ఉన్నాయి, బాస్కెట్‌బాల్‌కి పేరున్న ఊళ్లు. భిలాయ్‌లో రాజేశ్ పటేల్ అనే కోచ్ ఎంతోమంది అమ్మాయిల్ని జాతీయ స్థాయికి తీసుకెళ్లారు. 2018లో పోయారు.

సర్టిఫికెట్ ఒక్కటీ చాలదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి నిర్ణీత ఫారాలుంటాయి: జాతీయ పోటీలకి ఫారం 2, రాష్ట్ర సంఘం కార్యదర్శి సంతకంతో. యూనివర్సిటీ పోటీలకి ఫారం 3, స్కూల్ గేమ్స్‌కి ఫారం 4. ఆడిన ఏడాదే తీసుకోండి. ఐదేళ్ల తర్వాత వెళ్తే ఆ కార్యదర్శీ ఉండడు, రికార్డూ దొరకదు. ఎంట్రీ ఫీజు కట్టించుకుని ‘నేషనల్’ అని మెడలో పతకం వేసే ప్రైవేటు టోర్నీలు బోలెడు. గుర్తింపు లేని సంఘానిదైతే ఆ కాగితం ఫ్రేము కట్టించుకోడానికే.

పర్లా పాయింట్‌గార్డ్
రెండు ముక్కలు. మీ గ్రౌండులో రింగు ఎత్తు టేపుతో కొలవండి. పై అంచు నేల నుంచి 3.05 మీటర్లుండాలి. సిమెంటు మీద సిమెంటు పోసుకుంటూ వెళ్లినచోట 2.95కి దిగిపోతుంది, అక్కడ అలవాటైన చెయ్యి బయట గ్రౌండులో పొట్టిగా వేస్తుంది. ఫ్రీత్రో గీత బోర్డు ముఖం నుంచి 4.60 మీటర్లు. చాలాచోట్ల స్తంభం నుంచి కొలిచేసి గీస్తారు, అదే తప్పు. బంతి 7వ నంబరు. బయట సిమెంటుకి రబ్బరుదే, తోలుది రెండు నెలల్లో నున్నబడిపోతుంది. గాలి సరిపోయిందా అంటే 1.8 మీటర్ల నుంచి వదలండి, పైభాగం 1.2, 1.4 మధ్యకి లేవాలి.

రెండోది మోకాలు. పెరిగే వయసులో చిప్ప కింద బుడిపెలా ఉబ్బి, నొక్కితే నొప్పి అంటే ఆస్‌గుడ్ ష్లాటర్ కావచ్చు. ఎముక ముందు పెరిగి, తొడ కండరం బిగుసుకుని ఆ చోటుని లాగుతుంది. బామ్ రాసి ఆడించకండి. గెంతులు తగ్గించి, తొడ కండరాలు సాగదీయించి, ఎముకల డాక్టరుకి చూపించండి. 12 నుంచి 14 ఏళ్ల పిల్లలకి వారానికి పది గంటలు దాటి ఆడించొద్దని ఎన్‌బీఏ వాళ్ల మార్గదర్శకాలే చెబుతాయి. మన దగ్గర సెలెక్షన్ల ముందు పొద్దునా సాయంత్రం కలిపి ఇరవై చేసేస్తారు.

నాగావళి ఒడ్డు
చాలా చాలా థాంక్స్ అందరికీ. బాబాయ్ గారూ, ఇంకొక్కటి. ఒకాయన అమెరికా స్కూల్లో సీటు ఇప్పిస్తాం, అక్కణ్ణుంచి డ్రాఫ్టే అంటూ లక్షల్లో అడుగుతున్నాడు. నమ్మొచ్చా?

బేస్‌లైన్ బాబాయ్
ఆటని చూసి పిలిచేవాళ్లు వాళ్లే ఖర్చు పెడతారు. సత్నాం 2010లో ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి స్కాలర్‌షిప్ మీదే వెళ్లాడు. 2015లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో డల్లాస్ జట్టు 52వ పిక్‌గా తీసుకుంది. అది రెండో రౌండు, అక్కడ కాంట్రాక్టుకి హామీ ఉండదు. ఎన్‌బీఏ కింది స్థాయి డి లీగ్‌లో ఆడాడు గానీ ఎన్‌బీఏ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు. డ్రాఫ్ట్ అంటే ఆ ఆటగాడితో మాట్లాడే హక్కు ఫలానా జట్టుది అని, అంతవరకే. ప్రిన్స్‌పాల్ సింగ్ గ్రేటర్ నోయిడాలోని ఎన్‌బీఏ అకాడమీలో మొదలుపెట్టి జీ లీగ్ (డి లీగ్‌కే తర్వాతి పేరు) జట్టు ఇగ్నైట్ దాకా వెళ్లాడు. అతనూ ఎంపికై వెళ్లాడు, సీటు కొనుక్కుని కాదు.

అమెరికా కాలేజీ దారి ఉంచుకోవాలంటే డబ్బు కంటే ముందు మార్కులు కావాలి. ఎన్‌సీఏఏ (అక్కడి కాలేజీ ఆటలు నడిపే సంస్థ) మొదటి డివిజన్ 16 ముఖ్య సబ్జెక్టులు అడుగుతుంది, లెక్క తొమ్మిదో తరగతి నుంచే. అంటే మీవాడికి ఈ ఏడాది నుంచే. మార్కుల జాబితాలు ఏ ఏటివి ఆ ఏడు దాచండి. అక్కడ కాలేజీ జట్టుకి ఆడకముందు ఎక్కడా జీతం కాంట్రాక్టు మీద సంతకం పెట్టించకండి. అర్హత చిక్కుల్లో పడొచ్చు.

ఆ ఒకాయన్ని స్కూలు పేరు, అక్కడి కోచ్ ఈమెయిలు అడగండి. కోచ్‌కి మీరే సొంతంగా ఓ పూర్తి మ్యాచ్ వీడియో పంపండి. డంకులు ఏరి కూర్చింది వద్దు, నాలుగు క్వార్టర్లూ ఉన్నది. జవాబొస్తే అప్పుడు మాట్లాడుకుందాం. ఈలోగా ఆయనకి అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి.