ఐదుగురు, ఒకే కోర్టు, వారానికి రెండు రాత్రులు: షటిల్ ఆగిపోకుండా ఎలా?

ప్రశ్న:
ఆఫీసు పని తెమిలేసరికి రాత్రి ఏడు దాటుతుంది. ఐదుగురు స్నేహితులం కలిసి మంగళ, గురువారాల్లో 8 నుంచి 9 దాకా ఇండోర్ కోర్టు మాట్లాడుకుందామని ఉంది. ఇద్దరు బాగా ఆడతారు, ముగ్గురం కొత్త. డబుల్స్‌కి నలుగురే కదా, ఐదో మనిషి సంగతేంటి? ఈకల కాక్ కొనాలా, ప్లాస్టిక్‌దా? రెండు వారాలు కాగానే "ఇవాళ కుదర్దు బ్రో" మెసేజ్‌లు మొదలవకుండా ఏం చేయాలి?

జవాబు 1:
ఐదుగురు ఉండడమే మంచిదండీ. సరిగ్గా నలుగురే ఉంటే ఒక్కరు రాకపోయినా డబుల్స్ ఆగిపోతుంది.

21 పాయింట్ల ఆటలు పెట్టుకోవద్దు. కొత్తవాళ్లతో ఒక్కోటి పావుగంట పైనే పడుతుంది, బయట కూర్చున్నవాళ్ల ఒళ్లు చల్లబడిపోతుంది. 15 పాయింట్లవి ఐదు ఆడండి. ఒక్కో ఆట సుమారు పది నిమిషాలు, ముందు వార్మప్ పది నిమిషాలు, గంట సరిపోతుంది. అందరికీ 1 నుంచి 5 దాకా నంబర్లిచ్చి ఈ వరసలో ఆడండి:

1 బయట: 2–5 జోడీ, 3–4 జోడీ
2 బయట: 1–3, 4–5
3 బయట: 2–4, 1–5
4 బయట: 3–5, 1–2
5 బయట: 1–4, 2–3

అందరూ నాలుగేసి ఆటలు ఆడి, ఒక్కటి కూర్చుంటారు. ప్రతి ఒక్కరూ మిగతా నలుగురితోనూ ఒక్కోసారి జోడీ కడతారు. బాగా ఆడే ఇద్దరూ ఒకే వైపు ఉండేది గంటలో ఒక్క ఆటే. ఆ ఒక్క ఆటలో ఎదుటి జోడీకి 4 పాయింట్లు ముందే ఇచ్చేయండి. కొత్తవాళ్లు మానేసేది అలసిపోయి కాదు, ప్రతిసారీ 15–3తో ఓడిపోయి.

ఇక డబ్బు. ఏ రోజుకారోజు వచ్చినవాళ్లు పంచుకునే పద్ధతి పెట్టారో, గుంపు చెదిరిపోతుంది. ఒకరు మానేస్తే మిగతావాళ్ల వాటా పెరుగుతుంది, వాళ్లకి విసుగొచ్చి ఇంకొకరు మానేస్తారు. నెల ముందే వసూలు చేయండి. గంటకి 400 అనుకుంటే, నెలకి 8 గంటలకి 3200, తలా 640. వచ్చినా రాకపోయినా అంతే. డబ్బు కట్టేశాక "ఎవరెవరు వస్తున్నారు?" అని అడగక్కర్లేదు. రానివాళ్లు మాత్రం మధ్యాహ్నం మూడింటిలోపు చెప్పాలి, వాళ్ల బదులు ఒకర్ని పిలుచుకునే వీలుండాలి.

జవాబు 2:
కాక్ గురించి. ముగ్గురు కొత్తవాళ్లంటే ప్లాస్టిక్‌దే, అంటే నైలాన్‌దే తీసుకోండి. ఈకల కాక్‌లో 16 ఈకలుంటాయి. రాకెట్ అంచు తగిలితే రెండు విరిగి వంకరగా తిరుగుతుంది. కొత్త చేతుల్లో గంటకి రెండు మూడు పోతాయి.

నైలాన్ కాక్ కార్క్ చుట్టూ ఉండే రంగు పట్టీ చూడండి. ఆకుపచ్చది నెమ్మది, నీలం మధ్యస్థం, ఎరుపు వేగం. ఎండాకాలంలో గాలి పలచబడి కాక్ ఎక్కువ దూరం పోతుంది కాబట్టి ఆకుపచ్చ వాడండి. సరైనదో కాదో కోర్టులోనే తేల్చుకోవచ్చు. చివరి గీత మీద నిలబడి, కింది నుంచి పైకి, పక్క గీతకి సమాంతరంగా గట్టిగా కొట్టండి. అవతలి చివరి గీతకి 53 నుంచి 99 సెంటీమీటర్ల ముందు పడాలి. దాటిపోతే మరీ వేగం. నైలాన్ జాలీ లోపలికి నొక్కుకుపోయిన పాత కాక్ కూడా ఇలాగే దూసుకుపోతుంది, దాన్ని పక్కన పెట్టేయండి.

రాకెట్ గట్టింగ్, అంటే తీగల బిగువు, 22–23 పౌండ్లు చాలు. షాపులో 27, 28 చెబితే ఒప్పుకోవద్దు. అంత బిగువుకి కాక్ సరిగ్గా తీగల నడుమనే తగలాలి, తగలకపోతే ఆ అదురు మోచేతికి వస్తుంది.

డబ్బు పెట్టాల్సింది బూట్ల మీద. రన్నింగ్ బూట్లకి మడమ కింద ఫోమ్ ఎత్తుగా ఉంటుంది, పక్కకి అడుగేసినప్పుడు పాదం దొర్లి చీలమండ మెలిపడుతుంది. గమ్ సోల్ ఉన్న నాన్ మార్కింగ్ బూట్లే, అంటే కోర్టు మీద మరకలు పడనివే, వేసుకోండి.

అడిగినవారు:
చాలా థాంక్సండీ. ఒక్కోసారి ఆరో మనిషి కూడా వస్తానంటున్నాడు. ఇంకోటి, ఆడిన మర్నాడు భుజం, పిక్కలు పట్టేస్తున్నాయి. వార్మప్ ఏం చేయాలి?

జవాబు 1:
ఆరుగురైతే 11 పాయింట్ల ఆటలు. మొదటి ఆట కాగానే ఇద్దరు దిగి, బయటివాళ్లు ఎక్కాలి. అక్కణ్నుంచి ఎవరైనా వరసగా రెండు ఆడాక ఒకటి కూర్చోవాలి. పదిమంది పోగైతే కోర్టు వదిలేసి, ఊరి మైదానాల్లో ఆడే బాల్ బ్యాడ్మింటనే మేలు. పసుప్పచ్చ ఊలు బంతి, వైపుకి ఐదుగురు, అందరికీ ఆట.

జవాబు 3:
పిక్కలు పట్టేది ఎక్కువగా అలవాటు లేని పరుగులు, గెంతుల వల్ల. ముందు ఒళ్లు వేడెక్కించుకోండి. రెండు నిమిషాలు కోర్టు చుట్టూ మెల్లగా పరుగు, ఒక నిమిషం పక్కకి అడుగులు, మునివేళ్ల మీద 20 సార్లు లేవడం, చేతులు ముందుకి 15, వెనక్కి 15 తిప్పడం. తర్వాత నెట్ దగ్గర నెమ్మదిగా డ్రాప్‌లు (నెట్ దాటగానే కింద పడేలా కొట్టడం), చివర్లో వెనక గీత దాకా ఎత్తుగా కొట్టడం. స్మాష్, అంటే పైనుంచి కిందికి బలంగా కొట్టడం, మొదటి ఆట సగం దాటాకే.

భుజం నొప్పికి మూలం చాలాసార్లు కాళ్లలోనే ఉంటుంది. కాక్ పైకి లేవగానే పక్కకి తిరిగి వెనక్కి జరగాలి, ఖాళీ చెయ్యి కాక్ వైపు చూపించాలి, తలకి కాస్త ముందు కొట్టాలి. ఆలస్యంగా కదిలితే కాక్ తల వెనక్కి పోతుంది, అప్పుడు భారమంతా భుజం మీదే పడుతుంది. మర్నాడు పట్టేయడం మామూలే. ఆడుతుండగానే కలుక్కుమంటే, లేదా మూడు రోజులైనా తగ్గకపోతే ఆట ఆపి డాక్టర్‌కి చూపించండి.

డబుల్స్‌లో నెట్ దగ్గరున్నవాళ్లు జోడీ కొట్టే స్మాష్ చూద్దామని వెనక్కి తిరగొద్దు. కంటికి దెబ్బ తగిలే ప్రమాదం అక్కడ ఎక్కువ. ఇద్దరి మధ్యలో పడే కాక్‌కి "నాది!" అని గట్టిగా అరవండి, లేకపోతే రాకెట్లు రెండూ ఢీకొంటాయి.

ఆటకి ముప్పావు గంట ముందు ఒక అరటిపండు తినండి, భోజనం మాత్రం ఆట అయ్యాకే. ఆఫీసు నుంచి నేరుగా వచ్చేవాళ్లు బూట్లు, టవల్, ఇంకో టీషర్టు పొద్దున్నే సంచిలో పెట్టుకోవాలి. రాకెట్‌ని మాత్రం ఎండలో నిలిపిన కారులో వదలొద్దు, ఆ వేడికి గట్టింగ్ సడలిపోతుంది.